దిష్టి మార్కు

నీలిమ కాగితాలు చూస్తూ చూస్తూ మోహన్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అంతకుముందు పావుగంట సేపు వంశీ ఫైలు తిరగేసినప్పుడు ఆ కళ్లజోడు ముక్కు మీంచి కదల్లేదు. నాగమణికి మొదట అక్కడే మండింది.

ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడే వీధిలో, మూడో అంతస్తులో ఉంది మోహన్ ఆఫీసు. సీటు దొరకడం కష్టమైన పెద్ద యూనివర్సిటీలకి దరఖాస్తు పెట్టే పిల్లల కాగితాలు చూసి, అవకాశం ఎంతుందో చెప్పడం అతని పని. ఉన్నది ఉన్నట్టు చెబుతాడని పేరు. ఆ పేరు విని శనివారం పూట స్కూలుకి సెలవు పెట్టి మరీ నాగమణి కొడుకుని తీసుకొచ్చింది. నీలిమని ఆవిడేం తీసుకురాలేదు. కూర్మన్నపాలెం బస్టాపులో ఆ పిల్ల ఫైలు పట్టుకుని నిలబడి ఉంది. ఇదేమిట్రా అంటే, తనే రమ్మన్నానని, ఇద్దరూ పెడుతున్నది ఒకే యూనివర్సిటీకి కదా అని వంశీ తేలిగ్గా చెప్పేశాడు. నలుగురిలో పిల్లని వెనక్కి పొమ్మని ఎలా అంటుంది? పైకి నవ్వి, ఎండలో నిలబడకే, నీడలోకి రా అంది.

ఆ యూనివర్సిటీ బెంగుళూరు శివార్లలో ఉంది. లెక్కల కోర్సుకి దేశం మొత్తం మీద అరవై సీట్లు. సీటొచ్చిన పిల్లలు లేనివాళ్లయితే చదువూ తిండీ బసా ఖర్చంతా యూనివర్సిటీదే. నీలిమకి అక్కడ వస్తే వచ్చినట్టు, లేకపోతే ఇంటి దగ్గర ఏ డిగ్రీ కాలేజీలోనో చేరి, సాయంత్రాలు వాళ్లమ్మ పక్కన కూర్చుని జాకెట్లకి హుక్కులు కుట్టుకోవాలి. ఈ సంగతి నాగమణికి తెలియనిది కాదు. ఉక్కునగరంలోని స్కూల్లో పదకొండు, పన్నెండు తరగతులకి లెక్కలు చెప్పేది ఆవిడే. ఇద్దరూ ఆవిడ క్లాసులో పిల్లలే.

"నాగవంశీ మంచి స్టూడెంటండి," అన్నాడు మోహన్. "ఇలాంటి మంచి స్టూడెంట్లు వాళ్లకి ఏడాదికి పదివేల మంది రాస్తారు. పెట్టడం పెట్టండి. ఆశ మాత్రం పెట్టుకోకండి. వందకి రెండో మూడో."

వంశీ తలూపాడు. ఆ తలూపడం చూసి నాగమణికి ఇంకా ఒళ్లు మండింది. వాడు కనీసం ముఖం ముడుచుకోలేదు. ఎవరో పక్కింటివాళ్ల కుర్రాడి గురించి వింటున్నట్టు విన్నాడు.

నీలిమ సంగతికొచ్చేసరికి మోహన్ గొంతు మారింది. పదో తరగతి మార్కులు చూశాడు, రాష్ట్రం మొత్తంలో లెక్కల పోటీలో వచ్చిన నాలుగో స్థానం చూశాడు, ఆ పిల్ల తనంతట తాను చేసి నోటు పుస్తకంలో రాసుకున్న లెక్కలు చూశాడు. పక్క గదిలో పనిచేసే ఇంకొకతన్ని పిలిచి ఒక పేజీ చూపించాడు. ఇద్దరూ ఏదో అనుకున్నారు. తర్వాత, ఈ సీట్లో కూర్చున్నాక సగానికి సగం అవకాశం ఉందని తాను ఎవరికీ చెప్పలేదని, ఈ అమ్మాయికి చెబుతున్నానని అన్నాడు. నీలిమ చున్నీ కొసని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. వంశీ ఆ పిల్ల భుజం మీద ఒక్కటేశాడు. వాడికి సీటొచ్చినా అంత సంబరపడడేమో.

"కాకపోతే ఒక్కటుంది," అన్నాడు మోహన్. "మీ స్కూలు పేరు వాళ్లెప్పుడూ విని ఉండరు. వీళ్ల మార్కులకి అక్కడ ఎంత విలువో వాళ్లకి తెలీదు. కాబట్టి లెక్కల టీచరు నింపే ఫారమే చూస్తారు. అందులో అయిదు గడులుంటాయి. చిట్టచివరిది, నా ఉద్యోగంలో చూసిన కొద్దిమందిలో ఒకరు అని. ఈ అమ్మాయికి అందులో టిక్కు పడాలి. దాని ముందు గడి, వందలో మొదటి పదిమందిలో ఒకరు. మనకి అదీ పొగడ్తలాగే ఉంటుంది. అక్కడ మాత్రం పక్కన పెట్టెయ్యడానికి అది చాలు." ఆగి, కళ్లజోడు పెట్టుకుని, లెక్కల టీచరు ఎవరని అడిగాడు.

నీలిమా వంశీ ఇద్దరూ నాగమణి వైపు తిరిగారు. నాగమణి నవ్వింది. ఆ నవ్వు దవడల దగ్గర నొప్పి పుట్టేదాకా ఉంచింది.

తిరుగు బస్సులో పిల్లలిద్దరూ ముందు సీట్లో కూర్చున్నారు. ఫైలు అట్ట వెనక ఏదో లెక్క వేసుకుంటూ తలలు దగ్గర పెట్టుకుని గాజువాక దాకా కొట్టుకున్నారు. కిటికీ పక్కన బొగ్గు లారీలు పట్టా కప్పుకుని పోతున్నాయి. నాగమణి ముఖం మీద పడ్డ నుసిని కొంగుతో తుడుచుకుంటూ కొడుకు మెడ వెనక భాగాన్నే చూస్తూ కూర్చుంది. పద్దెనిమిదేళ్లుగా ఊళ్లో వాళ్ల పిల్లలందరికీ చెప్పింది. ఇంట్లో పిల్లాడికి రాత్రీ పగలూ చెప్పింది. తన చెయ్యి పట్టుకుని అక్షరం దిద్దినవాడికి వందకి రెండు. రెండేళ్ల క్రితం బ్యాగు లేక బియ్యం సంచితో స్కూలుకొచ్చిన పిల్లకి సగానికి సగం. దేవుడు కూడా దిద్దడం రానివాడే అనుకుంది.

*

వాళ్ల క్వార్టర్లో ఫ్రిజ్ తలుపు మీద, చేప ఆకారంలో ఉన్న అయస్కాంతం కింద, వంశీ సెప్టెంబరు యూనిట్ టెస్టు పేపరు ఉంటుంది. నలభైకి నలభై. ఆ రోజు నాగమణి పాయసం చేసింది. రోలింగ్ మిల్లులో షిఫ్టు దిగి వచ్చిన భర్త సీతారామాంజనేయులు కాళ్లు కడుక్కోకముందే పేపరు చేతిలో పెట్టింది. ఆయన పాపం తిరగేసి తిరగేసి చూసి, నీ క్లాసులో నువ్వే వేశావా అన్నాడు. ఆ మాటకి రెండు రోజులు మాట్లాడలేదు ఆయనతో. అప్పటినుంచీ పాలు తీసినా పెరుగు పెట్టినా ఆ నలభై కళ్లబడాల్సిందే.

ఆదివారం ఉదయం పాలు తీస్తూ ఆ పేపరు చూసుకుని, కాస్త కుదుటపడి, జాకెట్టు తెచ్చుకోవడానికి బయల్దేరింది. ఆవిడ జాకెట్లు కుట్టేది నీలిమ వాళ్లమ్మే. కూర్మన్నపాలెం జంక్షన్ వెనక సందులో ఒక గది, గది ముందు రేకుల పంచ, పంచలో మిషను. తండ్రి తవిటయ్య ప్లాంటులో కాంట్రాక్టు పని. ఎలమంచిలి అవతల పల్లెలో పొలం పని వదిలి వచ్చినవాళ్లు.

దేముడమ్మ మిషను ఆపి లేచి, కుర్చీ మీది గుడ్డలు తీసి, కొంగుతో తుడిచింది.

"ఏటమ్మా, ఎండలో వచ్చేసినారు? కబురెట్టుంటే పిల్ల సేత పంపేద్దును."

నాగమణి జాకెట్టు విప్పి చూసింది. చంక దగ్గర, పక్కల, లోపల వేలెడు గుడ్డ వదిలి కుట్టింది. ఎప్పుడూ అంతే కుడుతుంది. ఒళ్లొస్తే కుట్టు విప్పుకోవడానికి. ఇంతమందికి కుట్టినా ఎవరి గుడ్డా కత్తిరించి పారెయ్యదు. నాగమణి మడిచి సంచిలో పెట్టుకుని లేవబోయింది. ఆ గదిలో ఇంకో నిమిషం కూర్చోవాలని లేదు. గోడ మీద ఒక్క బహుమతీ లేదు, ఒక్క సర్టిఫికెట్టూ లేదు. తన ఇంట్లో హాలు గోడ నిండా ఉన్నాయి, మూడో తరగతి డ్రాయింగు పోటీతో సహా. ఇక్కడ ఒక మేకుకి పురికొసతో కట్టిన కాగితాల కట్ట మాత్రం వేలాడుతోంది. పై కాగితం మీద తన ఎర్ర సిరా కనబడి ఆగిపోయింది.

"అయ్యి మీ పేపర్లేనమ్మా," అంది దేముడమ్మ. "ఒక్కటీ పారనియ్యదు. సెలవు రోజున అయ్యన్నీ కిందెట్టుకుని కూకుంటాది. ఒక్క మార్కు ఎక్కడ పోనాదో ఎతుకుతాదంట. పోతే పోనీయే, ఆ ఒక్కదానికేటి అంటాను నాను. ఇనదు."

ఆ ఒక్క మార్కు సంగతి స్కూలంతా తెలిసిందే. పాలకొల్లులో నాగమణికి లెక్కలు చెప్పిన మేష్టారు, మొదటి ర్యాంకు పిల్లకి ఎప్పుడూ ఒక మార్కు తగ్గించి, అంకె కింద పెన్నుతో నల్ల చుక్క పెట్టేవారు. పసిపిల్ల బుగ్గన కాటుక పెట్టినట్టు. నిండుగా ఉంటే దిష్టి తగులుతుందమ్మా అనేవారు. నాగమణి ఉద్యోగంలో చేరిన దగ్గర్నించీ అదే పాటించింది. స్టాఫ్ రూమ్‌లో దాన్ని దిష్టి మార్కు అంటారు. ఆ చుక్క కోసం ఏడ్చిన పిల్లలున్నారు, చుక్క వచ్చిందని మిఠాయి పంచిన తల్లులున్నారు. నీలిమ వచ్చిన ఈ రెండేళ్లలో ఆ చుక్క పెట్టేటప్పుడు పెన్ను కాస్త గట్టిగా నొక్కుతోందని మాత్రం ఎవరూ చూడలేదు.

గుమ్మం దాకా వచ్చి దేముడమ్మ చేతులు రెండూ చీరకి తుడుచుకుంది. "అదేదో కాయితం మీరు రాయాలంట కదమ్మా. దాని మీదే ఉందంట. మాకేటి తెలుత్తాది. మీ సేతిలో ఎట్టేసినాం." చేతులు జోడించలేదు, బతిమాలలేదు. గుడ్డ తెచ్చి ఇచ్చినవాళ్లు కొలతలు ఇచ్చి వెళ్లిపోయినట్టు అంత నమ్మకంగా అనేసి, మళ్లీ మిషను దగ్గర కూర్చుంది.

ఆ నమ్మకం చూసి నాగమణికి జాలి కలగాలి. కలగలేదు. నా కొడుకు సంగతి ఎవరి చేతిలో పెట్టను అనిపించింది.

*

సోమవారం మూడో పీరియడు ఖాళీ. స్టాఫ్ రూమ్‌లో కంప్యూటరు ముందు కూర్చుని నాగమణి ఫారం తెరిచింది. పక్క క్లాసులోంచి పిల్లలు ఎక్కాలు కాదు గానీ ఏదో కలిసి చదువుతున్న చప్పుడు వస్తోంది.

అంతకుముందు పీరియడులో పన్నెండో తరగతికి సమాకలనం చెప్పి వచ్చింది. ఎప్పటిలాగే ఒకడు జవాబు చివర ప్లస్ సి రాయలేదు. ఆ లెక్కలన్నింటికీ చివర ప్లస్ సి అని రాసి తీరాలి, రాయకపోతే జవాబు పూర్తి కానట్టే. ఆవిడ దగ్గర అది లేకపోతే మార్కు పోయినట్టే. "ప్లస్ సి మీ తాతొచ్చి రాస్తాడా?" అని ఆవిడ అరిచే అరుపు ప్రిన్సిపాల్ గది దాకా వినిపిస్తుందని పేరు. ఇవాళ కూడా అరిచింది. అరుస్తుంటే చివరి బెంచీలో నీలిమ తల వంచుకుని రాసుకుంటోంది. ఆ పిల్ల ప్లస్ సి మర్చిపోయింది ఒక్కసారి కూడా లేదు. ఒక్కసారి మర్చిపోతే ఎంత హాయిగా ఉండేది.

ఫారంలో పేరు, తరగతి, ఎంతకాలంగా తెలుసు, అన్నీ నింపింది. గడుల దగ్గరికొచ్చింది. అయిదు గడులు. బాణం గుర్తుని చివరి గడి మీద పెట్టింది. పద్దెనిమిదేళ్లలో చూసిన పిల్లల్ని గుర్తు తెచ్చుకుంది. హరిచందన ఉంది, బాగా చేసేది, కానీ చెప్పిన దారి దాటేది కాదు. ఇంకొకడు ఉన్నాడు, తెలివైనవాడే, సగంలో వదిలేసేవాడు. చెప్పని దారిలో వెళ్లి, చెప్పిన జవాబుకే వచ్చి, పక్కన చిన్నగా ఇంకో దారి కూడా ఉంది మేడం అని రాసిన పిల్ల ఒక్కతే. కొద్దిమంది కూడా కాదు, ఒక్కతే. ఇది నాగమణికి స్పష్టంగా తెలుసు. తెలియడమే ఆవిడ రోగం.

బాణం గుర్తుని ఒక గడి వెనక్కి జరిపింది.

వందలో పదిమందిలో ఒకరు. తక్కువేం కాదు కదా. దిష్టి మార్కు అనుకో. అన్నిటిలోనూ నిండుగా ఉంటే వాళ్లు మాత్రం నమ్ముతారా? ఒక చుక్క ఉంటేనే నిజంలా ఉంటుంది. ఇలా లోపల్లోపల గడగడా చెప్పుకుంది. మోహన్ చెప్పిన మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినా చెయ్యి ఆగలేదు. కింద నాలుగు మాటలు రాయమంటే, చాలా కష్టపడి చదివే పిల్ల, వినయం గలది అని రాసింది. ఏమీ లేని పిల్లల గురించి టీచర్లు ఏం రాస్తారో సరిగ్గా అదే రాసింది. పంపు అన్న చోట నొక్కింది.

గంట కొట్టారు. చాక్‌పీసులు తీసుకుని ఎనిమిదో తరగతికి వెళ్లి చక్రవడ్డీ చెప్పింది. మధ్యాహ్నం ఇంట్లో వంశీకి ఇష్టమని బంగాళాదుంప వేపుడు చేసింది. వాడు తింటూ, నీలిమ ఫారం పంపేశావా అమ్మా అని అడిగాడు. పంపేశాను అంది. "థాంక్సమ్మా," అన్నాడు. వాడి సీటు కోసం ఆవిడ ఇంత చేస్తే ఏనాడూ ఆ మాట అనలేదు వెధవ.

*

మంగళవారం ఇంటర్వెల్లో నీలిమ స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో రెండు కాగితాలు. దరఖాస్తుతో పాటు ఒక వ్యాసం పంపాలి. నీ జీవితంలో నిన్ను మార్చిన ఒక చిన్న విషయం గురించి రాయమన్నారు. మీ గురించి రాశాను కాబట్టి మీకు చూపించకుండా పంపడం బాగోదని తెచ్చానంది.

నాగమణి ఎర్ర పెన్ను మూత తీసి చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు సాదాగా ఉంది, తప్పుల్లేవు. శీర్షిక, ఒక్క మార్కు.

మొదటి పరీక్షలో నలభైకి ముప్ఫై తొమ్మిది వచ్చి, కింద నల్ల చుక్క చూసినప్పుడు తనకి చాలా సంతోషమేసిందని రాసింది. దిష్టి మార్కు గురించి పిల్లలు చెప్పారట. తనకి చిన్నప్పుడు ఎవరైనా చుక్క పెట్టారో లేదో తెలియదు గానీ, మేడం పెట్టారు అనుకుందట. తర్వాత ఒకసారి వేరే వాళ్లకి నలభైకి నలభై వచ్చింది. వాళ్ల అంకె కింద చుక్క లేదు. అప్పుడు ఇది దిష్టి మార్కు కాదని అర్థమైంది. అంటే తనకి కనబడని తప్పు ఏదో మేడంకి కనబడుతోందన్నమాట. అప్పుడు పాత పేపర్లన్నీ తీసి మళ్లీ మొదటినుంచి చేసింది. పద్నాలుగు పరీక్షలు, పద్నాలుగు చుక్కలు. తొమ్మిదింటిలో తను చేసినదానికంటే మంచి దారి దొరికింది. అయిదింటిలో ఏమీ దొరకలేదు. ఆ అయిదూ ఇంకా దాచుకుంది. తనకి మార్కుల కంటే వెతకడమే ఇష్టమని ఆ పేపర్ల వల్ల తెలిసింది. ఇక్కడికి వస్తే ఆ అయిదూ వెంట తెచ్చుకుంటాను అని ముగించింది.

నాగమణి పెన్ను పట్టుకునే ఉంది. ఎక్కడా ఒక్క గీత గియ్యలేదు. తల కొట్టేసినట్టయింది. దొరకదే, అందులో తప్పేమీ లేదే, అని అరవాలనిపించింది.

"చుక్క లేకుండా ఎవరికే వేశాను నలభై?" అంది. నిజంగా గుర్తు లేదు ఆవిడకి.

నీలిమ గోడ మీద టైంటేబుల్ చూసింది.

"సెప్టెంబర్లో... వంశీకి మేడం."

ఎవరో పంఖా వేగం పెంచారు. కాగితాలు ఎగరబోతే నాగమణి చేత్తో అదిమిపెట్టింది. రెండు నెలలుగా రోజుకి పదిసార్లు చూస్తున్న కాగితం. ఊరందరి పిల్లలకీ దిష్టి చుక్క పెట్టిన చెయ్యి, సొంత కొడుక్కి మొట్టమొదటిసారి నిండుగా వచ్చినరోజు పెట్టడమే మర్చిపోయింది. దిష్టి తగలాలనా? కాదు. ఆ రోజు ఆ నలభైలోంచి ఒక్కటి తీయడానికి మనసొప్పలేదు, అంతే. అంటే నీలిమ పేపర్లలో పద్నాలుగు సార్లూ ఒప్పింది.

"తెలిసే నన్నడిగావా ఆ ఫారం? ఇంగ్లీషు మేడంని అడగొచ్చు, ఫిజిక్సు సార్ ఉన్నారు."

"మోహన్ సార్ లెక్కల టీచరే అన్నారు కదా మేడం," అంది నీలిమ. "అది కాదు మేడం. మిగతావాళ్లు జవాబు చూసి టిక్కు పెట్టేత్తారు. నా పేపరు మొదట్నించి చివరిదాకా చదివింది మీరొక్కరే. ఒక్క మార్కు తియ్యాలంటే అంతా చదవాలి కదా. నా గురించి మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు," అంది.

ఎగతాళి చేస్తోందేమోనని నాగమణి ఆ ముఖంలో వెతికింది. ఏమీ లేదు. ఆ పిల్ల నమ్మే చెబుతోంది. తిట్టి ఉంటే బాగుండేది. వ్యాసం బాగుంది, పంపేయ్ అని కాగితాలు తిరిగిచ్చేసింది. ఆ పిల్ల వెళ్లాక గ్లాసుడు నీళ్లు తాగింది.

వరండాలోకి వెళ్లి మోహన్‌కి ఫోన్ చేసింది. ఒక ఫారంలో పొరపాటు పడింది, మార్చడానికి ఉందా అని అడిగింది. ఎవరి ఫారమో అతను అడగలేదు. అడగలేదంటే అర్థమైందనే. పంపాక తెరుచుకోదని, బుధవారం సాయంత్రం ఆఖరని, స్కూలు తరఫున ప్రిన్సిపాల్ సంతకంతో సవరించిన ఫారం పంపితే తీసుకుంటారని చెప్పాడు. అందులో కారణం రాయాలట. టైపింగు తప్పు, నెట్టు ఆగింది లాంటివి రాస్తే పట్టించుకోరని, ఏదైనా నిజంగా నమ్మే కారణమే కావాలని చెప్పి పెట్టేశాడు.

*

బుధవారం పదిగంటలకి నాగమణి ప్రిన్సిపాల్ గదిలో ఉంది. బ్యాగులో రెండు పేపర్లు. ఒకటి నీలిమది, పొద్దున అడిగి తీసుకుంది, దొరకని అయిదింటిలో ఒకటి, ఆ సెప్టెంబరు పరీక్షదే. రెండోది వంశీది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చేప కింద నుంచి తీసి, మడిచి బ్యాగులో పెట్టేసుకుంది. విప్పి చూడలేదు. చూస్తే మళ్లీ అక్కడే పెట్టేస్తానేమోనని భయం.

ప్రిన్సిపాల్ శ్రీరామ్మూర్తి ఒకప్పుడు లెక్కల మేష్టారే. మార్చిలో రిటైరవుతాడు. కొత్తగా ఏ కాగితం ముందుకొచ్చినా విసుక్కుంటాడు. మొదటి ఫారం చూశాడు, రెండో ఫారం చూశాడు, రెండు రోజుల్లో పిల్ల అంత ఎదిగిపోయిందా అన్నాడు.

"కారణం ఏం రాయమంటారమ్మా?"

ఎన్నో అబద్ధాలు సిద్ధం చేసుకుని వచ్చింది నాగమణి. ఒక్కటీ నోటికి రాలేదు. రెండు పేపర్లూ బ్యాగులోంచి తీసి ఆయన ముందు పక్కపక్కన పెట్టింది.

"ఈ రెండూ నేనే దిద్దాను సార్. ఒకసారి చూడండి."

ఆయన ముప్ఫై తొమ్మిది ఉన్నది ముందు తీసుకున్నాడు. అలవాటు పోనివాడు, పెన్సిలు చేతికి తీసుకుని వరసలు వెంట జరుపుతూ పోయాడు. మూడో లెక్క దగ్గర ఆగి, ఓహో అని తనలో తనే అనుకుని, ముందుకెళ్లాడు. చివరికొచ్చి మళ్లీ మొదటి పేజీ తిప్పాడు. మార్కు ఎక్కడ తీశారమ్మా అని అడిగాడు.

"తియ్యాల్సిన చోటు లేదు సార్."

ఆయన తలెత్తి చూసి, రెండో పేపరు అందుకున్నాడు. పైన పేరు చదివాడు. పెన్సిలు మళ్లీ నడిచింది. ఒకటి, రెండు, మూడు. ఆరో లెక్క దగ్గర ఆగింది. వెనక్కి పోయింది. మళ్లీ అక్కడికే వచ్చింది.

"ప్లస్ సి ఏదమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

నాగమణి కుర్చీలోంచి ముందుకి వంగి చూసింది. లేదు. ఎంత చూసినా లేదు. జవాబు చివర ఖాళీ, ఆ ఖాళీ పక్కనే తన ఎర్ర టిక్కు, కాస్త పెద్దదిగా, తోక ఊపుకుంటున్నట్టు. స్కూలంతా దద్దరిల్లేలా అరిచేది దేని గురించో, ఆ తప్పే తన వంటింట్లో రెండు నెలలు కళ్లెదురుగా వేలాడింది.

శ్రీరామ్మూర్తి నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. పెన్సిలు కింద పెట్టి, ఫారం ఆవిడ వైపు తోసి, కారణం మీరే రాయండి, నేను సంతకం పెడతాను అన్నాడు.

నాగమణి చాలాసేపు రాయలేదు. బయట ఎవరో గంట కొట్టారు, పిల్లలు వరండాలో పరిగెత్తారు. చివరికి రాసింది. ముందు పంపిన ఫారంలో నేనిచ్చిన అంచనా ఈ విద్యార్థినిది కాదు. నా కొడుకు ఇదే తరగతి. ఈమె అతనికంటే ఎంతో ముందుండడం భరించలేక ఆ గడిలో టిక్కు పెట్టాను. పద్దెనిమిదేళ్లలో నేను చూసినవాళ్లలో ఇటువంటి పిల్ల ఈమె ఒక్కతే. రాసింది చదువుకోలేదు. చదువుకుంటే చింపేస్తుందని తెలుసు.

ఆయన చదివాడు. ఇది వెళ్తే మీ పేరు ఎక్కడెక్కడికి పోతుందో తెలుసా అమ్మా అన్నాడు. తెలుసంది. సంతకం పెట్టి, స్టాంపు వేసి, స్టాంపు మసకగా పడిందని మళ్లీ ఇంకోసారి వేశాడు. పన్నెండు లోపు ఫారం వెళ్లిపోయింది.

మధ్యాహ్నం క్లాసులో నీలిమ పేపరు తిరిగి ఇచ్చింది. ముప్ఫై తొమ్మిదిని కొట్టేసి నలభై వేసి, పక్కన సంతకం చేసింది. నీలిమ అంకె చూసి, మేడం వైపు చూసి, తప్పు దొరకదా మేడం ఇందులో అని అడిగింది. లేదే అంది నాగమణి. ఆ పిల్ల ముఖంలో సంతోషం కంటే ఏదో పోగొట్టుకున్నట్టు కనబడింది. వెతుక్కోవడానికి ఇంకా నాలుగున్నాయి కదా అని తనే సర్దుకుని వెళ్లిపోయింది. ఆ నాలుగింటి గురించి రేపు చెప్పాలి అనుకుంది నాగమణి. ఇవాళ్టికి ఇంతకంటే చేతకాలేదు.

సాయంత్రం వంశీ చెమటలు కక్కుకుంటూ గ్రౌండు నుంచి వచ్చి, నీళ్ల సీసా కోసం ఫ్రిజ్ తలుపు పట్టుకున్నాడు. చేప ఒక్కటే ఉంది.

"నా పేపరేదమ్మా?"

నాగమణి వంటింటి గట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఉంది పేపరు. "మళ్లీ దిద్దాలని తీశానురా," అంది.

వాడు సీసా ఎత్తి గటగటా తాగాడు. మూత పెట్టి, మూతి తుడుచుకుని, ఆరో లెక్క కదా, ప్లస్ సి అన్నాడు.

ఎప్పుడు తెలుసురా అని అడిగింది నాగమణి.

"ఇచ్చినరోజే. నీలిమ చూసి చెప్పింది. నీకు చెబుదామనే వచ్చానమ్మా. వచ్చేసరికి నువ్వు పాయసం కలుపుతన్నావ్."

వాడు సీసా లోపల పెట్టి, తలుపు వేసి, అక్కడే నిలబడ్డాడు. నాగమణి ఎర్ర పెన్ను తీసి నలభైని కొట్టేసింది. పక్కన ముప్ఫై తొమ్మిది వేసింది. కింద చుక్క పెట్టలేదు. లేచి వెళ్లి పేపర్ని మళ్లీ చేప కింద పెట్టింది.